ఖాళీగా కనిపించిన చోటు

జిలానీకి ఒకటే దిగులు. ఎంతో కష్టపడి కట్టిన కెర్నెల్ పిలుస్తుంటే, ఆ పాత యంత్రం పలకడం లేదు.

గుట్ట మీది దర్గాలో, లోపలి గదిలో, పసుపుబారిన కంప్యూటరు ఒకటుంది. అందులో మౌలాలి పాటలున్నాయి. బతికున్నన్నాళ్లూ సాయంత్రం కూటంలో తమలపాకు నమిలి, గొంతు సవరించుకుని అతనే పాడేవాడు. పోయాక కూడా ఆ కంప్యూటరు నుంచి పాట ఒక తీగ గుండా పక్కనున్న జోడీ యంత్రంలోకి వచ్చి కూటంలో వినిపించేది. వానల్లో పిడుగు పడి జోడీ కాలిపోయింది. పాతది పడి ఎలాగో లేచింది కానీ, అప్పట్నుంచి పాట లేదు. మౌలాలి భార్య ఫకీరమ్మ మాత్రం రోజూ గుట్టెక్కి వస్తూనే ఉంది. వచ్చి, కాసేపు కూర్చుని, దిగిపోతుంది.

పాతదాని డిస్కు మూలుగుతోంది. ఒకసారి ఆగితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. విప్పి చూసే ధైర్యం ఎవరికీ లేదు. పాటలు బయటికి రావడానికి ఆ తీగ ఒక్కటే దారి.

జిలానీ పట్నంలో ఇలాంటి కంప్యూటరు పనే చేసి, మనసు విరిగి, ఈ దర్గాలోని లతీఫ్ బాబా దగ్గర శిష్యుడిగా చేరినవాడు. గుప్పిట్లో ఇమిడే బోర్డు ఒకటి తెప్పించి, దాన్ని జోడీగా పెడతానన్నాడు. చిక్కేమిటంటే పాత యంత్రం మాట్లాడేది పాతకాలపు నెట్‌వర్కు భాష. ఇప్పటి కెర్నెళ్లలో ఆ భాష తీసేశారు. కెర్నెల్ అంటే యంత్రంలో తక్కిన పనులన్నిటినీ నడిపించే, అన్నిటికీ అడుగున ఉండే ప్రోగ్రాము. అందులో ఆ భాష చేర్చి, కొత్తగా కట్టుకోవాలి.

కట్టాడు. కట్టి ఊరుకోకుండా చెక్కాడు కూడా.

ఆ భాషలో ఒక మర్యాద ఉంది. తీగ మీదికి కొత్తగా వచ్చిన యంత్రం ఒక సంఖ్య ఎంచుకుని, ఇది ఎవరిది అని అడుగుతుంది. కాసేపు ఆగుతుంది. మళ్లీ అడుగుతుంది. ఎవరూ నాది అనకపోతే ఆ సంఖ్యే దాని పేరు. జిలానీకి అదంతా చాదస్తంగా తోచింది. ఉన్నవి రెండే యంత్రాలు, ఇంకెవర్ని అడగాలి? కాలిపోయిన జోడీ మీద దాని సంఖ్య అతికించి ఉండనే ఉంది. పోయినదాని చోటు ఖాళీయే కదా. అడిగే ముక్కని పీకేసి, ఆ సంఖ్యనే బోర్డుకి ఖాయం చేశాడు. కెర్నెల్ ఎంత సన్నబడిందో చూసుకుని మురిసిపోయాడు. మనవాడికి మురిపెం కాస్త ఎక్కువే.

బోర్డు లేచింది. పిలిచింది. తీగ మీద ఉలుకూ పలుకూ లేదు.

తీగ మార్చాడు. బోర్డు మార్చాడు. చివరికి లతీఫ్ బాబా దగ్గరికి వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. బాబా సాంబ్రాణి గడ్డలు చితక్కొడుతున్నాడు.

"ఆ పాతది చచ్చిపోయింది బాబా. ఫకీరమ్మకి ఎట్ల చెప్పేది?"

"మబ్బు దిగుతాండాది" అన్నాడు బాబా. "కూటానికి పోదాం పా."

సాయంత్రాలు ఆ గుట్ట మీదికి మబ్బు నడిచి వస్తుంది. కూటం జరిగే చావట్లోకి వచ్చి, సాంబ్రాణి పొగతో కలిసిపోయి, ఏది పొగో ఏది మబ్బో తెలియనివ్వదు. మనుషులు సగం సగం కనిపిస్తారు. జిలానీ ఆ మసకలో నేరుగా వెళ్లి, స్తంభం పక్కన ఖాళీ చూసుకుని కూలబడ్డాడు. అక్కడొక వాడుక ఉంది. ఎవరు వచ్చినా గడప దగ్గర ఆగి, చోటు అడిగి కూర్చోవాలి. దిగులులో అది అతనికి గుర్తు రాలేదు.

ఫకీరమ్మ వచ్చింది. గడప దాటబోయి ఆగింది. కొంగు సర్దుకుని అక్కడే నిలబడింది.

బాబా అప్పటికే తన చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూశాడు. మెల్లగా లేచి, మోకాళ్లు పట్టుకుంటూ బయటికి నడిచి, మళ్లీ గడప దగ్గరికి వచ్చాడు. తన చాప వైపే చెయ్యి చూపించాడు.

"ఈడ ఎవరన్నా కూచుంటారా?"

జనం మొహాలు చూసుకున్నారు. ఆ చాప మీద ఆయన తప్ప ఎవరూ కూర్చున్నది లేదు. బాబా ఆగాడు. మళ్లీ అడిగాడు. మబ్బు ఆయన భుజాల మీంచి లోపలికి వస్తోంది.

"మీదే బాబా, కూచోండి" అన్నారెవరో.

అప్పుడు వచ్చి కూర్చున్నాడు. జిలానీ వైపు చూడలేదు.

జిలానీకి కింద బండ నున్నగా తగిలింది. ఎవరో ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చిన నునుపు. తలెత్తితే గడప దగ్గర ఫకీరమ్మ.

"ఈ చోటు నీదా అమ్మా?"

"మా ఆయనది నాయనా. ఆయన పోయినాంక నేను కూచుంటాండా."

జిలానీ లేచాడు. కెర్నెల్లోంచి తాను తీసేసిన ప్రశ్న గుర్తొచ్చింది. నేరుగా లోపలి గదిలోకి వెళ్లిపోయాడు.

పీకేసిన ముక్కని ఉన్నచోటే పెట్టి, కెర్నెల్‌ని మళ్లీ కట్టమన్నాడు. చిన్న బోర్డుకి అది పెద్ద పని. తెర మీద అక్షరాల వరసలు నిదానంగా పైకి పోతున్నాయి. వాటిని చూస్తూ కునికాడు, లేచాడు, మళ్లీ కునికాడు. ఒకసారి ఆ వరసలన్నీ మనుషులై గడప దగ్గర ఆగి ఆగి లోపలికి వస్తున్నట్టు అనిపించింది. పూర్తయ్యేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది.

బోర్డు లేచింది. ఈసారి ముందుగా ఆ పాత జోడీ సంఖ్యనే చెప్పి, ఇది ఎవరిది అని అడిగింది.

తీగ అవతలి నుంచి జవాబు వచ్చింది. నాది.

పిడుగు రోజు పడి లేచిన పాత యంత్రం, తన సంఖ్య మరిచిపోయి, పోయిన జోడీ చోట్లో కూర్చుంది. జిలానీ పిలిచిన ప్రతిసారీ అది జవాబిస్తూనే ఉంది. ఇద్దరిదీ ఒకే సంఖ్య కావడంతో ఆ జవాబు తీగ దాకా రాకుండా దానికే తిరిగి చేరింది.

బోర్డు పక్క సంఖ్యకి జరిగి మళ్లీ అడిగింది. ఆగింది. ఎవరూ కాదనలేదు.

జిలానీ కళ్లు తుడుచుకుంటూ బాబా దగ్గరికి పరుగెత్తాడు. "బతికే ఉంది బాబా. ఇన్నాళ్లూ పలుకుతానే ఉంది."

"నువ్వు అడిగినావా?" అన్నాడు బాబా.

ఆ సాయంత్రం మబ్బు దిగిన చావట్లో, బోర్డులోంచి, మౌలాలి గొంతు సవరించుకున్నాడు. స్తంభం పక్కన ఫకీరమ్మ కళ్లు మూసుకుంది.

"ఇంకా ఆకు మింగల్యా" అని గొణిగింది. అంతలో పాట మొదలైంది.

జిలానీ గడప దగ్గర ఆగాడు. ఆమె పక్కన కాస్త ఖాళీ ఉంది.

"ఈడ ఎవరన్నా కూచుంటారా అమ్మా?"

ఫకీరమ్మ కళ్లు తెరవలేదు. కొంచెం జరిగి, బండ మీద అరచేత్తో తట్టింది.