ఎల్లాజీ చెప్పని లోతు

గవ్వలపేట రేవులో ఎల్లాజీ అనే జాలరి ఉండేవాడు. అతని అనుమానం ముందు సముద్రం మోకాలి లోతు.

తన నీడ వెంటపడుతోందని రోజుకు ఏడుసార్లు వెనక్కి తిరిగి చూసేవాడు. రేడియోలో వార్తలు చెబుతుంటే, "నీకెవరు చెప్పారు?" అని అడిగేవాడు. భార్య పరదేశమ్మ పులుసు కాస్తే, ఊళ్ళో పదిమంది చేత రుచి చూపించి గాని ముద్ద ముట్టేవాడు కాదు. అప్పటికి పులుసు మిగిలేది కాదు.

సముద్రం అడుగున ఉండే రాళ్ళగుట్టను జాలర్లు పారు అంటారు. ఎల్లాజీకి ఒక పారు తెలుసు. అక్కడ చేపలు తిరునాళ్ళలో జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అది ఎక్కడుందో, ఎన్ని బారల లోతో అతను ఎవరికీ చెప్పలేదు. ఆ రేవులో ఎవరూ చెప్పరు కూడా. పారు లోతు అడగడమంటే పెట్టె తాళం అడగడమే.

ఒకనాడు ఆ పారు మీద వేసిన వల సగమే తిరిగి వచ్చింది. ఆ పొద్దున పరదేశమ్మ అన్న పోలిరాజు పడవలో దూరంగా పోతూ చెయ్యి ఊపాడు.

"ఎందుకు ఊపాడు? నా వల కోసిన చెయ్యి కాబట్టి ఊపాడు!" అన్నాడు ఎల్లాజీ.

"మా అన్న పుట్టినప్పటి నుంచీ ఊపుతూనే ఉన్నాడయ్యా," అంది పరదేశమ్మ.

ఎల్లాజీ వినలేదు. తగవు ఊరిపెద్ద నూకయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇద్దరినీ నిలబెట్టి తీర్పు చెప్పాడు. "ఎనిమిది రోజుల్లో రుజువు తెస్తే పోలిరాజు పడవ నెల్లాళ్ళు ఒడ్డున బోర్లా పడుకుంటుంది. తేకపోతే నీ పడవ పడుకుంటుంది ఎల్లాజీ."

అది కోనాం చేపల కాలం. ఆ నెల పోతే ఏడాదంతా పోయినట్టే.

అడుగున మిగిలిన సగం వల మీద కత్తి కోతను వీడియోలో చూపిద్దామని ఎల్లాజీ పట్నం వెళ్ళి, నీళ్ళలో వీడియో తీసే కెమెరాలమ్మే కామేశం దుకాణంలో దూరాడు. కామేశం అగ్గిపెట్టెంత కెమెరాలు రెండు బల్ల మీద పెట్టాడు.

"ఎంత లోతులో తియ్యాలండీ?" అని అడిగాడు.

ఎల్లాజీ వెనక్కి తిరిగి చూశాడు. "లోతు నీకెందుకు?"

"లోతును బట్టే కదండీ కెమెరా. ఇది ఉత్తినే ముప్పై అడుగుల వరకు దిగుతుంది. అంతకు మించితే లోపలికి నీళ్ళొస్తాయి. ఇంకా లోతైతే ఈ రెండోది, గట్టి పెట్టెలో బిగించి దించాలి. చీకటిగా ఉంటుంది కనుక దీపం కూడా కావాలి. మీది ఏ చోటు?"

'ఓహో! లోతు అయింది, ఇక చోటు. సాయంత్రానికి వీడి బావమరిది నా పారు మీద వల వేస్తాడు. పైగా ఉత్త ప్లాస్టిక్ పెట్టె అంటగడతాడట!' అనుకున్నాడు ఎల్లాజీ.

"మూడు బారలు," అన్నాడు పైకి.

"అంటే పద్దెనిమిది అడుగులు. అయితే ఈ చిన్నది చాలు. నిజంగా మూడేనా?"

"నా మీద నీకు అనుమానమా?" అని ఎల్లాజీ కోప్పడ్డాడు.

మర్నాడు ఒక్కడే పడవ వేసుకుని వెళ్ళాడు. ఈతగాణ్ణి పెడితే వాడూ చూస్తాడని కెమెరాను తాడుకు కట్టుకున్నాడు. తీరా నీళ్ళలో మొరాయిస్తుందేమోనని, పడవలోనే బొత్తాం నొక్కి వీడియో మొదలెట్టాడు. పన్నెండు బారలు దించి, పైకి లాగాడు. కెమెరా కడుపులో గంగాళమంత సముద్రం ఉంది.

పరుగున దుకాణానికి వెళ్ళి ఇంతెత్తున లేచాడు. "దొంగ సరుకు అంటగట్టావు!"

"ఎన్ని బారలు దించారు?" అన్నాడు కామేశం.

"మూడే!"

కామేశం కెమెరా విప్పి లోపలి కార్డు తీసి తుడిచాడు. "ఇది బతికే ఉన్నట్టుంది. ఏం పడిందో చూద్దామా?"

"నువ్వు చూడ్డమెందుకు?" అని ఎల్లాజీ కార్డు లాక్కుని ఇంటికొచ్చాడు.

"పెద్దల ముందు పెట్టేలోపు మనం ఒకసారి చూసుకుందామయ్యా," అంది పరదేశమ్మ.

"చూస్తే మీ అన్నకి చెప్పేస్తావు."

ఎనిమిదో రోజు నూకయ్య ఇంట్లో టీవీకి ఆ కార్డు తగిలించారు. రేవు రేవంతా వచ్చి కూర్చుంది. ముందుగా టీవీ నిండా ఎల్లాజీ ముక్కు కనిపించింది, ఏనుగంత. వెనక నుంచి అతని గొంతు వినిపించింది. పారు మీదికి చేరగానే, చోటు పట్టించే ఒడ్డు గుర్తులు పైకి చెప్పుకోవడం అతని అలవాటు.

"తెల్లమేడకు సూటిగా లైట్‌హౌసు వచ్చింది. అటు రెండు కొండల సందులో తాటిచెట్టు. ఇదే నా పారు! పన్నెండు బారలు. ఒక్క వెధవకీ తెలీదు. ఆ కెమెరావాడికి మూడని చెప్పా! ఈ నూకయ్య కూడా పోలిరాజు చేపలు మేసే ఉంటాడు..."

తరవాత నీళ్ళు నీలంగా, పచ్చగా, నల్లగా కనిపించి టీవీ ఆరిపోయింది. వల కనిపించలేదు.

 వెనక నుంచి ఒకడు, "పెద్దాయనా, ఇంకోసారి వెయ్యండి. తాటిచెట్టు ఏ సందులోనో సరిగా వినబడలేదు," అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి బంగాళాఖాతంలో ఇంకెక్కడా పడవ లేదు. అన్నీ ఆ పారు మీదే ఉన్నాయి. పోలిరాజు వేసిన లంగరుకు ఎల్లాజీ సగం వల చిక్కి పైకి వచ్చింది. ఆల్చిప్పలు అంటుకుని రంపంలా ఉన్న రాతిముక్క ఒకటి అందులో ఇరుక్కుని ఉంది. చుట్టూ దారాలు పీలికలై వేలాడుతున్నాయి. పోలిరాజు దాన్ని తెచ్చి ఎల్లాజీ గుమ్మంలో పెట్టాడు.

"చూసుకో బావా. నా కత్తికి ఇన్ని పళ్ళు లేవు," అన్నాడు.

ఎల్లాజీ ఆ రాతిని తిప్పి తిప్పి చూశాడు. అనుమానించడానికి ఏమీ దొరకలేదు. "తప్పు నాదే బావా," అన్నాడు నేల చూస్తూ. ఆ నెలంతా అతని పడవ ఒడ్డున బోర్లా పడుకుంది. అతను దాని మీద కూర్చుని, తన పారు నుంచి పక్కవాళ్ళ పడవలు కోనాం చేపలతో రావడం లెక్కపెట్టాడు.

నీతి: సాయం చేసేవాణ్ణి అనుమానించి అబద్ధం చెప్పినవాడు, ఎవరూ మోసం చెయ్యకుండానే మోసపోతాడు.