మాచన మరచిన పేరు

అనగా అనగా, చాలా కాలం కిందట, చింతలకోట రాజ్యంలో మాచన అనే వస్తాదు ఉండేవాడు.

ఆ రాజ్యంలో ఏటా ఉగాది మర్నాడు కోట ముందర గుండు ఎత్తే పందెం జరిగేది. పెద్ద గుమ్మడికాయకు రెండింతలుండే నున్నటి రాతిగుండు అది. నేల మీది నుంచి దాన్ని భుజానికెత్తినవాడు గెలిచినట్టు. ఒక్కొక్కరు మూడుసార్లు ప్రయత్నించవచ్చు.

మూడేళ్ళుగా ఆ గెలుపు కుమ్మరి బొల్లయ్యదే. అతని తల మాచన భుజం దాకా కూడా రాదు. అయినా గుండు బొల్లయ్య మాట వింటుంది, మాచన మాట వినదు. మాచనకు అదే కడుపుమంట. బజారులో ఎవరైనా "మన బొల్లయ్య" అంటే చాలు, ఒళ్ళంతా కారం పూసుకున్నట్టుండేది. బొల్లయ్య చేసిన కుండ ఉన్న ఇంట మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు.

గుండు పట్టే ముందు బొల్లయ్య పెదవులు కదలడం మాచన కనిపెట్టాడు. "అదేదో మంత్రం. లేకపోతే ఆ బక్కప్రాణికి అంత సత్తువ ఎక్కడిది?" అనుకున్నాడు.

నాలుగో ఏడు, గెలిచినవాణ్ణి పిల్లలు కసరత్తు నేర్చే సాముగరిడీకి గురువును చేస్తానని రాజు చాటింపు వేయించాడు. ఇక మాచనకు కుదురు లేకపోయింది. బొల్లయ్య భార్య గంగమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"చెల్లెమ్మా, మీ ఆయన జపించే మంత్రం ఏమిటమ్మా?" అని తీయగా అడిగాడు.

"ఏమోనన్నా. సారె తిప్పేటప్పుడూ అలాగే గొణుగుతుంటాడు. నేనెప్పుడూ పట్టించుకోలేదు," అందామె.

తర్వాత ఒక మంత్రగాడి చేత తాయెత్తు కట్టించుకుని, కోట ముందరి గుండును పట్టి చూశాడు. అది జానెడు కూడా లేవలేదు.

అప్పుడు మూడో దారి తొక్కాడు. పందెం నాడు గుండును తడిమి చూస్తున్నట్టు నటిస్తూ, అరచేతిలోని ఆముదం దాని అడుగున పూశాడు.

బొల్లయ్య గుండు లేపాడు. మోకాలి దాకా వచ్చి అది జారింది. కాలి బొటనవేలు చితికింది. జనమంతా అయ్యో అన్నారు. మాచన కడుపు చల్లబడింది.

బొల్లయ్య ఎవరినీ నిందించలేదు. దోసెడు మట్టి తీసి గుండుకు రుద్దాడు. పక్కనే నిలబడ్డ మాచనకు ఈసారి ఆ మాటలు వినబడ్డాయి.

"బొల్లయ్యా, నొప్పి వేలికే గాని చేతులకు కాదు. నిరుడు ఎత్తావు. కాళ్ళు నిలదొక్కుకో. ఊపిరి పట్టు. ఎత్తగలవు."

అంతే. మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. గుండు భుజమెక్కింది.

మాచన వంతు వచ్చింది. "బొల్లయ్య ఎత్తేశాడు. నేను ఎత్తలేకపోతే నవ్వుతారు" అనుకుంటూ పట్టాడు. గుండు మోకాలి దగ్గరే ఆగిపోయింది. "బొల్లయ్య చూస్తున్నాడు. నేను ఓడాలని కోరుకుంటున్నాడు" అనుకుంటూ మళ్ళీ పట్టాడు. రొమ్ము దాకా వచ్చి పడిపోయింది.

అప్పుడు తట్టింది మాచనకు. ఇన్నేళ్ళూ ఈ గుండు ముందు నిలబడి తాను తలచింది బొల్లయ్య పేరే. తన పేరు ఒక్కనాడూ తలచలేదు.

సిగ్గుతో ముఖం వేడెక్కింది. కళ్ళు మూసుకున్నాడు. "మాచనా, తప్పు చేశావు. తర్వాత ఒప్పుకుందువుగాని. ముందు గుండు సంగతి చూడు. ఈ చేతులు నీవే. ఎత్తగలవు."

గుండు అతని భుజం మీదికి వచ్చింది.

"ఇద్దరూ ఎత్తారు. మరి గురువు ఎవరు?" అన్నాడు రాజు.

మాచన గుండు దించి చేతులు జోడించాడు. "మహారాజా, ఇన్నేళ్ళూ గుండు ముందు నిలబడి నేను తలచింది బొల్లయ్య పేరే. అసూయతో గుండుకు ఆముదం పూసింది నేనే. ఆ పదవి బొల్లయ్యది."

బొల్లయ్య కుంటుకుంటూ మాచన దగ్గరికి వచ్చాడు.

"వేలు మానుతుందిలే అన్నా. రేపటి నుంచి గరిడీకి రా. గుండు ఎలా ఎత్తాలో పిల్లలకు నేను చెబుతాను. ఎత్తే ముందు ఏమనుకోకూడదో నువ్వు చెప్పు."

రాజు సరేనన్నట్టు తల ఊపాడు.

పరుల గెలుపు చూసి కుళ్ళుకునేవాడికి ఉన్న బలమూ పోతుంది. తనకు తాను మంచిమాట చెప్పుకునేవాడికి లేని బలమూ వస్తుంది.