కూర్మారావు నోట్లో గుక్కెడు నీళ్లు

టెక్కలి దగ్గర హైవే పక్కన డీజిలు బండ్లు బాగుచేసే కూర్మారావుకి చేతిలో గొప్ప పనితనం ఉండేది, చెవిలో మాత్రం బొత్తిగా ఓపిక ఉండేది కాదు.

బండి షెడ్డు ముందు ఆగీ ఆగకముందే దాని జబ్బు చెప్పేసేవాడు. "నీలం పొగా? ఇంజను ఆయిలు తాగేస్తోంది. తెల్ల పొగా? డీజిలు కాలకుండానే బయటికొచ్చేస్తోంది. నల్ల పొగా? డీజిలు ఎక్కువ, గాలి తక్కువ" అనేవాడు. పదిలో తొమ్మిదిసార్లు అతని మాటే నిజమయ్యేది. అదే అతన్ని చెడగొట్టింది. బండి తెచ్చినవాడు నోరు తెరిస్తే చాలు, "నాకు తెలుసులే" అని అడ్డు తగిలేవాడు. ఒకరోజు భార్య రవణమ్మ "కూరలో ఉప్పు..." అని మొదలుపెట్టగానే "తెలుసులే" అంటూ ఇంత ఉప్పు తీసి కలుపుకున్నాడు. పాపం, ఆవిడ చెప్పబోయింది ఉప్పు రెండుసార్లు పడిందని. ఆ పూట కూర్మారావు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాడు గాని, బుద్ధి మాత్రం తెచ్చుకోలేదు.

ఆ ఏడు దసరా వెళ్లిన పది రోజులకి, ఒక మంగళవారం పొద్దున్న, దాలయ్య తన పాత డీజిలు కారు తీసుకొచ్చాడు. దాలయ్య వారానికి మూడుసార్లు తన ఊరి నుంచి ముగ్గురు కిడ్నీ రోగులను డయాలసిస్ కోసం ఆసుపత్రికి తీసుకెళ్లి, తిరిగి ఇళ్ల దగ్గర దింపేవాడు. డయాలసిస్ అయ్యాక వాళ్లకి బస్సులో నిలబడే శక్తి ఉండదు. అంత పొద్దున్నే బయలుదేరే బండి ఆ ఊళ్లో ఇంకొకటి లేదు.

అలాంటి కారు ఇప్పుడు ఎత్తు ఎక్కినప్పుడల్లా నల్లటి పొగ కక్కుతోంది. పొల్యూషన్ పరీక్షలో తప్పింది. పాత సర్టిఫికెట్ గడువు శనివారంతో అయిపోతుంది. హైవే మీద తనిఖీలు గట్టిగా జరుగుతున్నాయి. కొత్త కాగితం చేతికి రాకపోతే సోమవారం బండి ఊరు దాటదు, ముగ్గురు రోగులూ ఆసుపత్రికి చేరరు.

దాలయ్య నిదానస్తుడు. ఏ సంగతైనా మొదటినుంచీ చెబితే గాని అతనికి తృప్తి ఉండదు.

"మేస్త్రి గారూ, ఈ పొగ ఎప్పుడు మొదలైందంటే, దసరాకి మీ షెడ్డులో..."

"ఎప్పుడు మొదలైతే నీకెందుకయ్యా? ఎప్పుడు ఆగుతుందో అడుగు" అని కూర్మారావు బానెట్ ఎత్తేశాడు. "ఇంజెక్టర్లు డీజిలు ఎక్కువ పోస్తున్నాయి. సాయంత్రం రా."

పని మొదలుపెడుతూ అలవాటు కొద్దీ భుజం తడుముకున్నాడు. భుజం మీద తువ్వాలు లేదు. అతని ఎర్రగళ్ల తువ్వాలు దసరా నాటి నుంచీ కనబడడం లేదు. దాన్ని పక్క టీకొట్టు సింహాచలమే ఎత్తుకుపోయాడని కూర్మారావు నమ్మకం. ఆ కోపంతో పది రోజులుగా అతని దగ్గర టీ తాగడం కూడా మానేశాడు.

ఇంజెక్టర్లు విప్పి, శుభ్రం చేసి, పరీక్షించి బిగించాడు. బుధవారం కారు మళ్లీ పరీక్షకి వెళ్లింది. మళ్లీ తప్పింది.

గురువారం దాలయ్య వచ్చి ఇంకోసారి ప్రయత్నించాడు. "అది కాదు బాబూ, గాలి గొట్టంలో మీ..."

కూర్మారావుకి ఒళ్లు మండింది. "గాలి దారి సంగతి నాకు చెబుతావా? దసరాకి నా చేతులతో శుభ్రం చేసి కొత్త ఫిల్టరు వేశాను. దాని జోలికి పోకు. తప్పు డీజిలు పంపులో ఉంది" అని రోజంతా పంపుతో కుస్తీ పట్టాడు. తన చెయ్యి పడిన చోట తప్పు ఉండొచ్చన్న ఊహే అతనికి రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వస్తూ దాలయ్య మూడోసారి పరీక్ష చేయించి, తిన్నగా షెడ్డుకి వచ్చాడు. మూడోసారీ తప్పింది. ఇక మిగిలింది ఒక్క శనివారం. వెనక సీట్లో ఇద్దరు రోగులు నీరసంగా నిద్రపోతున్నారు. ముందు సీట్లో పారమ్మ ఒక్కతే మేలుకుని ఉంది. ఆమె ఒకప్పుడు జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరేది. వెయ్యి గింజల్లో పుచ్చు గింజ ఒక్కటున్నా ఆమె కన్ను దాటిపోయేది కాదు.

"మేస్త్రి గారూ, నాను సెప్పేదేటంటే..." అన్నాడు దాలయ్య.

"నాకు తెలుసులే! ఇంజనే అరిగిపోయింది. మొత్తం విప్పాలి. నెల పడుతుంది" అన్నాడు కూర్మారావు. పైకి గట్టిగానే అన్నాడు గాని, లోపల అతనికి భయం పట్టుకుంది. ఇన్నేళ్లలో ఒక బండి మూడుసార్లు వెనక్కి రావడం ఇదే మొదలు.

"నెల రోజులా?" అంది పారమ్మ. కారు తలుపు పట్టుకుని మెల్లగా దిగింది. "నాయనా, ఈ మనిషి సెప్పేది నువ్వు ఒక్కసారైనా పూరాగా విన్నావేటి?"

"వింటూనే ఉన్నాను కదమ్మా. ఇతను చెప్పబోయేది ఏమిటంటే..."

"సెప్పబోయేది కాదు. సెప్పింది."

పారమ్మ సంచిలోంచి చిన్న సీసా తీసింది. అందులో నీళ్లు సగానికి ఉన్నాయి.

"ఇవి నాకు డాక్టరు కొలిసిన నీళ్లు. రేపు పొద్దున్న దాకా ఇవే నాకు. ఇందులో ఓ గుక్క నీకిస్తన్నాను. నోట్లో పోసుకో. దాలయ్య మాట అయినదాకా మింగకు, ఉమ్మకు."

"అయ్యో, మీ నీళ్లెందుకు తల్లీ? అదిగో, కుండ నిండా ఉన్నాయి."

"కుండలో నీళ్లయితే నువ్వు ఉమ్మేస్తావు. ఇవి ఉమ్మలేవు."

ఆ ముసలామె ఎండిన పెదవులు చూశాక కూర్మారావు ఎదురు చెప్పలేకపోయాడు. సీసా ఎత్తి గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకున్నాడు.

దాలయ్య గొంతు సవరించుకున్నాడు. "పొగ ఎప్పుడు మొదలైందంటే, దసరాకి మీ షెడ్డులో ఆయుధపూజకి బండి కడిగారు కదా బాబూ..."

కూర్మారావు బుగ్గలు పూరీల్లా పొంగాయి. చెయ్యి పైకి లేచింది. పారమ్మ కళ్లెర్రజేసింది. చెయ్యి కిందికి దిగింది.

"...కడిగే ముందు మీరు పాత ఫిల్టరు తీసేసి, నీళ్లు లోపలికి పోకుండా గాలి గొట్టంలో మీ ఎర్రగళ్ల తువ్వాలు కుక్కారు. తర్వాత కొత్త ఫిల్టరు పెట్టి బిగించారు. ఆ తువ్వాలు బయటికి తీయడం మటుకు నాను సూడలేదు."

కూర్మారావు గుక్కెడు నీళ్లూ ఒక్కసారిగా మింగాడు. వెంటనే గాలి డబ్బా విప్పి, ఫిల్టరు పక్కన పెట్టి, గొట్టం వంపులోకి పట్టకారు పోనిచ్చాడు. లాగితే నూనె మరకలతో, దుమ్ముతో ముద్దగా ఒక గుడ్డ బయటికొచ్చింది. విప్పి చూస్తే ఎర్రగళ్లు. మూల మీద రవణమ్మ కుట్టిన 'కూ' అనే అక్షరం. పాపం, ఇంజను దసరా నుంచీ ముక్కు మూసుకుని పరుగెత్తుతోంది. గాలి లేనిదే డీజిలు ఎలా కాలుతుంది? నల్ల పొగ కక్కక ఏం చేస్తుంది?

కూర్మారావు సిగ్గుతో తల దించుకున్నాడు. "నువ్వైనా విప్పి చూడకపోయావా దాలయ్యా?" అన్నాడు.

"మేస్త్రి బిగించింది నాను విప్పితే మర్యాదేటి బాబూ? అందుకే సెప్దామని వచ్చాను. మూడుసార్లు వచ్చాను."

ఆ 'మూడుసార్లు' అన్న మాట కూర్మారావుకి గట్టిగా తగిలింది. పారమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. "తల్లీ, మీ నీళ్లు నా కళ్లు తెరిపించాయి" అన్నాడు. తర్వాత టీకొట్టు దగ్గరికి వెళ్లి, సింహాచలం ముఖం చూడలేక కెటిల్ వైపు చూస్తూ "ఒక టీ ఇయ్యి, తమ్ముడూ. తువ్వాలు దొరికింది" అన్నాడు.

గాలి దారి ఊది, తాను పంపులో కెలికినదంతా మళ్లీ సరిచేసి ఇచ్చాడు. శనివారం పొద్దున్న తనే కారులో కూర్చుని పరీక్షకి వెళ్లాడు. యాక్సిలరేటరు చివరిదాకా తొక్కినా పొగ పలచగానే వచ్చింది. కారు నెగ్గింది. సోమవారం తెల్లవారగానే దాలయ్య కారు ముగ్గురు రోగులతో షెడ్డు ముందు నుంచి సాఫీగా సాగిపోయింది. ముందు సీట్లోంచి పారమ్మ చెయ్యి ఊపింది.

ఆనాటి నుంచి కూర్మారావు షెడ్డులో కుండ పక్కన ఒక చిన్న గ్లాసు ఉండేది. ఎవరైనా బండి తెచ్చి మాట మొదలుపెడితే, అతను ముందు గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకునేవాడు. కొత్తవాళ్లు వింతగా చూసేవారు. పాతవాళ్లు నవ్వుకుని, తాపీగా మొదటినుంచీ చెప్పుకొచ్చేవారు. ఇంట్లో కూరలో ఉప్పు కూడా సరిగ్గా ఉండేది.

తువ్వాలు తీశారో, తీయలేదో తెలియాలంటే మన తెలుగులో వాక్యం చివరిదాకా ఆగాల్సిందే. ఎంత తెలిసినవాడైనా సరే, ఎదుటివారి మాట పూర్తిగా విన్నాకే తన మాట మొదలుపెట్టాలి.