రాసే ముందు చెరపాలి

కొత్తలంకలో ఉన్న తెలివంతా బుల్లబ్బాయి ఇంట్లోనే కాపురముండేది. ఈ మాట ఊరివాళ్ళన్నది కాదు, బుల్లబ్బాయే అన్నాడు. భార్య వెంకాయమ్మ అవునంది. వదిన అవునంది కాబట్టి తమ్ముడు అబ్బులు కూడా అవునన్నాడు. ఇంట్లో ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకొకరి సాక్ష్యం ఎందుకు? వాళ్ళ గొప్పల్లా ఒక్కటే, చెప్పింది చెప్పినట్టు చేస్తారు. పిసరంత ఎక్కువ చెయ్యరు, పిసరంత తక్కువ చెయ్యరు.

ఈ సంగతి ఆ నోటా ఈ నోటా పట్నంలో ఉన్న హిమజ చెవిన పడింది. హిమజది కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. తమంతట తామే పనులు చేసుకుపోయే మరబుర్రలు వచ్చాయి కదా, వాటికి ఫైళ్ళు రాసే పనిముట్టు ఒకటి ఇస్తారు. దాన్ని ఎలా వాడాలో వివరంగా కాగితం రాసిపెట్టడం ఆమె పని. కిందటిసారి ఆమె కాగితం చదివి మరబుర్ర ఒక బడి పిల్లల మార్కులన్నీ తుడిచిపెట్టింది. "ఈసారి కాగితం సరిగ్గా లేకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోండి" అన్నాడు పైఅధికారి ఫణీంద్ర. హిమజ ఆలోచించింది. మరబుర్రకూ చెప్పింది తప్ప చెయ్యడం రాదు, కొత్తలంక వాళ్ళకూ అంతే. కాగితాన్ని ముందు వాళ్ళకిచ్చి చూద్దామనుకుంది. అంతే, అట్టఫైళ్ళు, పెన్సిళ్ళు, రబ్బర్లు సంచిలో వేసుకుని బస్సెక్కింది.

"చూశావటే, మన తెలివి పట్నం దాకా పాకింది!" అన్నాడు బుల్లబ్బాయి పెళ్ళాంతో.

'ఫైలు తెరిచి, చెప్పింది రాయాలి' అని పెన్సిలుతో రాసి ఉంది కాగితంలో. హిమజ పెళ్ళివంటల ఫైలిచ్చి పులిహోర అని రాయమంది. అప్పటికే అందులో బూరెలు అని ఉంది. అబ్బులు సరిగ్గా ఆ అక్షరాల మీదే పులిహోర రాశాడు. ఇంకేముంది, రెండూ కలిసి ఏ వంటో తెలియకుండా పోయింది.

"అదేమిటండీ, బూరెల మీద రాశారు?"

"ఖాళీ చూసి రాయమని లేదు కదండీ" అన్నాడు అబ్బులు.

"ఆకులో అయితే నేనలా వడ్డించనమ్మా. కాగితంలో అంటే మీ ఇష్టం" అంది వెంకాయమ్మ.

హిమజ పెన్సిలు తీసి 'రాసే ముందు పాతది పూర్తిగా చెరపాలి' అని చేర్చింది. ఈసారి వంటలన్నీ ఉన్న ఫైలిచ్చి, చివర పెరుగు కలపమంది. బుల్లబ్బాయి రబ్బరు పట్టుకుని చెమటలు కక్కుతూ చెరిపాడు. అంతే, పెళ్ళివారికి పెరుగొక్కటే మిగిలింది.

'చివర కలపమంటే మాత్రం పాతదాన్ని ముట్టుకోకూడదు' అని రాసింది హిమజ. అబ్బులు కొబ్బరికాయలు కోసే గెడకి పెన్సిలు కట్టాడు. వాకిట్లో నిలబడి, గదిలో ఉన్న ఫైలుని పొడవడం మొదలెట్టాడు. ఫైలుకి చిల్లులు పడ్డాయి.

"ముట్టుకుంటే ఒట్టండి! గుమ్మం కూడా తొక్కలేదు!"

హిమజ ఆ మాట కొట్టేసి 'చివర కలపమంటే మాత్రం పాత అక్షరాలు చెరపకూడదు' అని మార్చింది. పనిలో పనిగా 'ఫైలు పెట్టడానికి చోటు లేకపోతే చోటు చెయ్యాలి' అని కూడా రాసింది. బీరువా నిండిపోయి ఉంది. ఇంకేముంది, బుల్లబ్బాయి గునపం తెచ్చి గోడకి గూడు తవ్వాడు. తవ్వగా తవ్వగా అవతల పక్కింటి సుభద్రమ్మ చారుగిన్నె కనబడింది.

"పిన్నిగారూ, ఆ గిన్నె కాస్త జరపండి, ఫైలు పెట్టాలి" అన్నాడు మర్యాదగా.

సుభద్రమ్మ తిట్లు ఆగాక 'ఉన్న బీరువాలోనే సర్దాలి, పని అయ్యాక అయిందని చెప్పాలి' అని దిద్దింది హిమజ. వెంకాయమ్మ వంచిన తల ఎత్తకుండా రాసి "అయింది" అంది. చూస్తే తెల్లకాగితం.

"పెన్సిలు ముక్కు మొదట్లోనే విరిగిందమ్మా. విరిగితే చెప్పమని లేదుగా!"

హిమజకి ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినట్టే అనుకుంది. అయినా ముక్కు చీదుకుని, అదీ చేర్చింది. చివరి నుంచి మొదటికి, మొదటి నుంచి చివరికి చదివి మళ్ళీ దిద్దింది. నకలొకటి రాసి, రెండూ ఒక్కలాగే ఉండాలని చెప్పి వెంకాయమ్మ చేతికిచ్చింది.

సాయంత్రం కాగితాన్ని పరీక్షించడానికి పట్నం నుంచి ఫణీంద్ర వచ్చాడు. ఆయన అడిగినవన్నీ ముగ్గురూ కాగితం చూసి చేశారు. కొత్తది రాయమంటే పాతది చెరిపి రాశారు, చివర కలపమంటే పాతది ఉంచి కలిపారు. ఒక్క తప్పు లేదు. హిమజకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"చాలా బాగుంది. కాగితం ఎలా ఉందో మీ మాటగా ఇందులోనే ఓ ముక్క రాసివ్వండి, ఆఫీసులో చూపిస్తాను" అని కాగితం వాళ్ళ చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికెళ్ళాడు ఫణీంద్ర. నీళ్ళు తోడిపెట్టడానికి హిమజా వెళ్ళింది.

వచ్చేసరికి "అయింది!" అన్నాడు అబ్బులు. కాగితం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. మధ్యలో ఒక్కటే ముక్క: 'ఇందులో అన్నీ చాలా వివరంగా ఉన్నాయి.'

"చివర కలపమని మీరనలేదు కదండీ. అందుకని చెరిపి రాశాం" అన్నాడు బుల్లబ్బాయి.

ఫణీంద్ర కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "మీ కాగితం పాసయింది హిమజగారూ. మీ ఉద్యోగానికి ఢోకా లేదు. కాకపోతే ఇప్పుడు కాగితమే లేదు."

"నకలుందండీ!" అని అరిచింది హిమజ. "ఇందాకే వెంకాయమ్మగారికి ఒకటి రాసిచ్చాను!"

వెంకాయమ్మ నవ్వుమొహంతో కొంగుముడి విప్పింది.

"మీరు మళ్ళీ చెప్పేదాకా ఆగుతానా అమ్మాయిగారూ? ఇది కూడా శుభ్రంగా చెరిపేసి, ఆ ముక్కే రాసేశాను. రెండూ ఒక్కలాగా ఉండొద్దూ!"