గవరయ్య పేరు చిగురేసిన వైనం

తెలివి ఎక్కువైతే నిద్ర పట్టదంటారు. మెట్టవలసలో గవరయ్య ఇంట్లో ముగ్గురూ పడుకోగానే గుర్రు పెడతారు గానీ, ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అది బయటికి పోకుండా గవరయ్య తలగుడ్డ బిగించి కడతాడు. తమ్ముడు సన్నాసికి తెలివి ఇంకా ఎక్కువ, వాడు రెండు గుడ్డలు కడతాడు. "మాకెవరేం చెప్పినా అక్షరం పొల్లుపోనివ్వం" అంటుంది గవరయ్య పెళ్ళాం నూకాలమ్మ. నిజమే. వచ్చిన తంటా అంతా దాంతోనే.

కొండ మీద ఏ మొక్క ఏ జాతిదో, దేనికి పనికొస్తుందో పరిశోధించడానికి వైదేహి అనే ఆవిడ ఆ ఊరొచ్చింది. మొక్కల మీద చదివి డాక్టరు పట్టా పుచ్చుకుందిట. అంతే, నూకాలమ్మ వాడిపోయిన బీరపాదుని చంకనేసుకుని పరుగెత్తింది. "నిన్నటినుంచీ తల ఎత్తట్లేదు డాక్టరమ్మా, ఓ సూది పొడవండి!" ఆవిడ నవ్వింది. నవ్వి ఊరుకోక, వాళ్ళింట్లోనే గది తీసుకుని అన్నదమ్ముల్ని పనిలో పెట్టుకుంది. ఎంత చదివితే ఏం లాభం!

"కొండ మీద మొక్కల్ని వేళ్ళతో సహా తీసుకురండి" అంది. సాయంత్రానికి ఇద్దరూ మోపులు దించారు. ఒక్క మొక్కకీ వేరు లేదు.

"వేళ్ళేవీ?"

"ఇవిగోనమ్మా" అని ఇద్దరూ చేతులు చాపారు. "ఒక్కటీ తెగలేదు. కొడవలి ఎంత జాగ్రత్తగా ఆడించేమనుకున్నారు!"

పోనీలే అనుకుని ఆవిడ పని నేర్పబోయింది. "మొక్కల్లో కుటుంబాలుంటాయి. వంగ, మిరప, ఉమ్మెత్త, ఇవన్నీ ఒకే కుటుంబం." నూకాలమ్మ గుండె కరిగిపోయింది. "అయ్యో రాత! ఒక్క కుటుంబమై ఉండి ఉమ్మెత్తని కంచె బయట ఉంచేశామా!" ఇంకేముంది, మర్నాడు వంకాయ కూరలో ఉమ్మెత్తకాయలు కూడా కూర్చున్నాయి. డాక్టరమ్మ చూసింది కాబట్టి సరిపోయింది, మూకుడుతో సహా పెంటకుప్ప మీదికి విసిరేసింది.

"అది తింటే పిచ్చెక్కుతుంది, నూకాలమ్మా!"

"ప్రతి కుటుంబంలోనూ ఒక పిచ్చివాడుంటాడమ్మా. అంతమాత్రాన గెంటేస్తామా?" అంది నూకాలమ్మ, మరిది వంక చూస్తూ. నిజమే అన్నట్టు సన్నాసి తలూపాడు.

ఇలా ఉండగా కొండ కొమ్మున ఆవిడకొక మొక్క దొరికింది. ఎవరికీ తెలియని మొక్క. ఎంత వెతికినా రెండోది కనబడలేదు. దానికొక్కటే మొగ్గ. మట్టితో సహా తెచ్చి కుండలో నాటి, పెరట్లో పెట్టింది.

"పువ్వు విచ్చుకుంటేగానీ ఇది ఏ కుటుంబమో తేలదు. దీని ఉపయోగం కూడా కనుక్కోవాలి. నేను పట్నం వెళ్ళి మా పెద్దసారుని తీసుకొస్తాను. అందాకా దీన్ని కంటికి రెప్పలా చూసుకోండి గవరయ్యగారూ. పువ్వు దక్కిందా, దీనికి మీ పేరే పెడతాను. లోకంలో మీ పేరు నిలబడిపోతుంది."

గవరయ్యకి పిల్లల్లేరు. ఏ పెళ్ళికెళ్ళినా "పాపం, పేరు నిలబెట్టేవాడు లేడు" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఆ మాట వినీ వినీ అతని ప్రాణం విసిగిపోయింది. ఇప్పుడు పేరు నిలబడబోతోంది! కళ్ళు తుడుచుకుని లేచాడు.

"ఒరే, రెప్ప ఏం చేస్తుంది?"

"మూస్తుంది, తెరుస్తుంది, అన్నయ్యా."

అంతే, గవరయ్య పెద్ద గంప పట్టుకుని మొక్క మీద మూయడం, తెరవడం మొదలెట్టాడు. "పై రెప్ప సరే, కింద రెప్పో?" అంది నూకాలమ్మ. అదీ నిజమే. సన్నాసి చేట పట్టుకుని గంప ఎదురుగా బోర్లా పడుకున్నాడు. ఇద్దరూ టపటపా రెప్పలు వేస్తున్నారు. చేతులు పీకేస్తున్నా గవరయ్య ఆపలేదు.

ఇంతలో మేకపిల్ల ఒకటి వచ్చి కుండ దగ్గర మూతి పెట్టింది.

"అన్నయ్యా, మేకని తోలనా?"

"రెప్ప ఎక్కడైనా మేకని తోలుతుందిరా? కంట్లో నలక పడితే ఏం చేస్తుంది?"

"గట్టిగా మూసుకుంటుంది."

"మరింకేం, మూయ్!"

మూశారు. మేకపిల్ల లోపల, వీళ్ళు బయట. గవరయ్య గంప మీద కూర్చున్నాడు, సన్నాసి చేట అడ్డం పెట్టాడు. లోపల్నుంచి కరకరమని చప్పుడు. "కన్ను నలుపుకోకూడదు, ఊదితే పోతుంది" అని నూకాలమ్మ గంప కన్నాల్లోంచి బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదింది. చప్పుడు ఆగింది. "నలక పోయినట్టుంది" అని తెరిచారు. కుండ ఉంది, మట్టి ఉంది, మేకపిల్ల ఉంది.

పెద్దసారుని వెంటబెట్టుకుని డాక్టరమ్మ వచ్చింది. సన్నాసి ఎదురెళ్ళాడు. "ఉపయోగం కనుక్కున్నామమ్మా! మేకలు తింటాయి."

ఆవిడ ఖాళీ కుండ చూసి అరుగు మీద కూలబడి ఏడ్చేసింది. "ఇంకేముంది గవరయ్యగారూ, మొక్క పోయింది, పేరు మిగిలింది!"

గవరయ్య మొహం వెలిగిపోయింది. "మిగిలిందా!" అని పెద్దసారు కాళ్ళావేళ్ళా పడి ఒక చెక్క మీద తన పేరు రాయించుకున్నాడు. మిగిలిన పేరుని నిలబెట్టాలిగా మరి! చేతికందిన మునగ గుంజొకటి పెరట్లో పాతి, దానికి చెక్క కట్టి, పూటపూటా నీళ్ళు పోశాడు. మునగ కదా, వానలు పడగానే గుంజ చిగురేసింది. "నా పేరు చిగురేసిందిరోయ్!" అని గవరయ్య ఊరంతా చాటాడు.

ఆ మొక్క ఇంకోటి దొరుకుతుందేమోనని డాక్టరమ్మ మళ్ళీ ఆ ఊరొచ్చింది. గవరయ్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గుంజ చూపించాడు. "ఇది ఏ కుటుంబమో మీరే చెప్పాలమ్మా." ఆవిడకి నవ్వొచ్చింది, జాలీ వేసింది.

"పేరు నిలబడుతుందని చెప్పి మిమ్మల్ని మునగచెట్టు ఎక్కించాను, గవరయ్యగారూ."

గవరయ్య గతుక్కుమన్నాడు. "ఎక్కించారా? నేనింకా ఎక్కలేదే!"

ఆవిడ "అయ్యో, అది కాదండీ" అనేలోపు పంచె ఎగ్గట్టి గుంజని కావలించుకుని ఎక్కేశాడు. గుంజ ఊగింది, ఒరిగింది, గవరయ్యతో సహా ఫెళ్ళున నేలకొచ్చింది. పేరు రాసిన చెక్క రెండు ముక్కలైంది.

గవరయ్య వెల్లకిలా పడి, గుండెల మీదున్న గుంజని తడిమి చూసుకున్నాడు. కింద లేత వేళ్ళు మట్టితో సహా వేలాడుతున్నాయి. తన వేళ్ళు కూడా లెక్కపెట్టుకున్నాడు.

"చూసుకోండి డాక్టరమ్మా" అన్నాడు మూలుగుతూనే, గర్వంగా. "ఈసారి రెండు రకాల వేళ్ళతోనూ తెచ్చేను."