ఒక్క చుక్క దారి

దండాయుధానికి ఒకటే దిగులు. ఏకాంబరస్వామి దగ్గర శిష్యుడిగా చేరి ఏళ్ళు గడిచినా మంత్రోపదేశం మాత్రం కాలేదు. తన తరవాత వచ్చినవాడికి, నాలుగడుగులు ఎక్కితే పిల్లిలా మూలిగేవాడికి, మొన్న శివరాత్రికే అయిపోయింది. ఆ మర్నాడు దండాయుధం అలిగి అన్నం మానేశాడని పులిబండ పల్లెలో అందరికీ తెలుసు. సాయంత్రానికి రెండింతలు తిన్నాడనీ తెలుసు.

కాళ్ళంటే మాత్రం దండాయుధానివే కాళ్ళు. ఆశ్రమం కొండ కిందే ఉంది గాని, గుడి కొండ మీద, అడవి మధ్యలో ఉంది. అక్కడికి మూడు దారులు. ఆవులదారి చుట్టూ తిరిగి మెల్లగా ఎక్కుతుంది. వాగుదారి కొంచెం నిటారు. మూడోది కోతులబాట. పేరుకి బాటే గాని, ఉన్నదంతా బండ మీద బండ. దండాయుధం రోజూ పొద్దున్నే దాని మీదుగా ఎక్కి, కింద అందరికీ వినబడేలా గుడి గంట కొట్టేవాడు. అతన్ని చూసి కోతులు సిగ్గుపడి వేరే కొండకి వెళ్ళిపోయాయని పల్లెలో అంటారు. పల్లెకేం, ఎన్నో అంటుంది.

ఆ కొండకి ఒక ఆనవాయితీ ఉంది. వానలు వెలిశాక ప్రతి దారి మొదట్లో ఉన్న రాయి మీద సున్నంతో చుక్కలు పెట్టాలి. ఒక చుక్క ఉంటే ముసలివాళ్ళూ చంటిపిల్లల తల్లులూ వెళ్ళొచ్చు. రెండుంటే ఒంట్లో సత్తువ చూసుకోవాలి. మూడుంటే ఇంట్లో చెప్పి బయల్దేరాలి. కార్తీక పున్నమి మర్నాటి నుంచీ వచ్చే యాత్రికులు ఆ చుక్కలు చూసుకునే ఎక్కుతారు.

ఆ ఏడు ఏకాంబరస్వామి సున్నపు పిడత దండాయుధం చేతికిచ్చారు.

"ఈసారి నువ్వు పెట్టు నాయనా. పున్నమి పొద్దున కొండ మీదే నీకు మంత్రం చెబుతాను. ముసలివాణ్ణి కదా, ఒక్క చుక్క దారిన మెల్లగా వచ్చేస్తాను."

దండాయుధం పిడత పట్టుకుని నేరుగా కోతులబాటకే వెళ్ళాడు. మూడు చుక్కలు పెట్టబోయి ఆగాడు. ఆయాసమన్నది లేకుండా తాను ఎక్కే దారికి మూడు చుక్కలేమిటి? తన కాళ్ళని తానే అవమానించుకున్నట్టు అనిపించింది. ఒక్కటి పెట్టాడు. ఇక మిగతా రెండూ దారులే కావు. వాటికి సున్నం దండగ.

మజ్జిగ అమ్మే నాగులమ్మ అటుగా వస్తూ చూసింది.

"ఏం సామీ, సున్నం అయిపోయిందా?"

"లేదవ్వా. ఈ దారికి ఇంతే."

నాగులమ్మ ఆ బండల వంక చూసింది. అతని వంక చూసింది. "అట్లనా! అయితే రేపట్నుంచి నా చూడావునీ ఇట్నే తోలతాలే" అని వెళ్ళిపోయింది.

పొద్దుగూకేలోగా ఆ మాట పల్లెంతా తిరిగి ఆశ్రమం గుమ్మం దాకా వచ్చింది. స్వామి విని ఊరుకున్నారట.

పున్నమి పొద్దున దండాయుధం తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఎప్పట్లాగే కోతులబాటన పైకి చేరాడు. గంట కొట్టాడు. గురువుగారికి ఆసనం పరిచాడు. ఆవులదారి మలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఎండెక్కింది. మలుపులో ఆవులు కనబడ్డాయి. వాటి వెనక నాగులమ్మ కనబడింది. గురువుగారు లేరు.

"అవ్వా, స్వామి కనబడ్డారా?"

"కనబడకేం. నువ్వు చుక్క పెట్టిన దారినే వస్తాండారు."

దండాయుధం నవ్వబోయాడు. నాగులమ్మ నవ్వలేదు. చావింట్లో కూడా ఎవరినో ఒకరిని నవ్వించే మనిషి నవ్వకపోయేసరికి అతను చటుక్కున లేచాడు.

కోతులబాటన పరుగులాంటి నడకతో దిగాడు. సగం దూరంలో, పెద్ద బండ కింద స్వామి కూర్చుని ఉన్నారు. మోకాలు చెక్కుకుపోయింది. అరచేతుల్లో నెత్తురు. చేతికర్ర లోయలో ఎక్కడో పడిపోయింది. సంతలో ఎద్దును చూసినట్టు ఆయన ఆ బండని నిదానంగా చూస్తున్నారు.

"స్వామీ! ఇటెందుకొచ్చారు? ఇన్నేళ్ళూ ఆవులదారినే కదా మీరు ఎక్కింది!"

"ఒక్క చుక్క ఇక్కడే ఉంది కదా నాయనా."

దండాయుధం ఆయన అరచేతుల నెత్తురు తన పంచె చెంగుతో తుడిచాడు.

"దీని మీదికి ఎలా ఎక్కాలి? ముందు ఈ కాలు పెట్టాలా?" అన్నారు స్వామి. ఆ మాటలో వేళాకోళం లేదు. తెలియకే అడిగారు.

"వద్దు స్వామీ. దిగిపోదాం."

దండాయుధం ముందు తాను ఒక రాయి దిగి, వెనక్కి తిరిగి, గురువుగారి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆ రాయి మీద పెట్టేవాడు. తరవాత ఇంకో రాయి. కొన్ని కదులుతున్నాయి. కొన్నిటికి పాచి పట్టింది. రోజూ ఎక్కే దారిలో ఇన్ని రాళ్ళున్నాయని అతనికి అప్పుడే తెలిసింది.

కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ముహూర్తం ఎప్పుడో పోయింది. ఆ మాట దండాయుధం ఎత్తలేదు. గురువుగారి మోకాలికి పసుపు అద్ది గుడ్డ కట్టాడు. సున్నపు పిడత తెచ్చి, కోతులబాట రాయి మీద ఇంకో రెండు చుక్కలు పెట్టాడు. వాగుదారి తాను ఆశ్రమానికి నీళ్ళు మోసిన దారే గనక దానికి రెండు పెట్టాడు. ఆవులదారి దగ్గర మాత్రం సున్నంలో ముంచిన వేలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఒక్కటే కదా, పెట్టు" అన్నారు స్వామి.

"ఈ దారిన నేనెప్పుడూ నడవలేదు స్వామీ."

స్వామి అతని భుజం మీద చెయ్యి వేశారు. చేతికర్ర లేదు మరి.

"అయితే పద. మంత్రం నడుస్తూ చెబుతాను."