రాహేలమ్మ తొక్కిన తోలుతిత్తి

అనగనగా ఉప్పుగాలి కొట్టే ఒక రేవు ఊళ్ళో ఒక పాత చర్చి ఉండేదిరా కన్నా. అందులో ఎప్పుడో తాతలనాడు దొరలు ఓడలో తెచ్చిన గొట్టాల ఆర్గను ఉండేది. దానికి ముందు హార్మోనియం పెట్టెకున్నట్టు ఉండే మెట్లు నొక్కితే చాలదు, వెనక నుంచి గాలి కొట్టాలి. కమ్మరి కొలిమికి ఉన్నట్టే ఓ పెద్ద తోలుతిత్తి ఉండేది. దాన్ని కాలితో తొక్కే పని రాహేలమ్మది.

గోడ వెనక నిలబడి తొక్కేది. తొక్కితేనే పాట, ఆగితే లేదు. అందరూ బల్లల మీద కూర్చుని పాట వినేవాళ్ళు, ఆమెకు తిత్తి బుసే వినపడేది. ఒక్కసారి కూర్చుని ఆ పాట వినాలని ఆమె కోరిక. మేడలూ మిద్దెలూ అడగలేదు పాపం.

ఒకసారి తోలు ఎండిపోతోందని, చెప్పులకు రాసినట్టే దానికీ ఆముదం పట్టించింది. మంచికి పోతే చెడు ఎదురైంది. ఆ వాసనకి ఎలుకలొచ్చి తిత్తిని కొరికేశాయి. తిట్లు తిని, అతుకులు వేయించి, మళ్ళీ తొక్కింది.

ఆ తర్వాత ఉప్పెనొచ్చి గొట్టాల నిండా బురద. కడిగి మళ్ళీ తొక్కింది. అప్పటికే మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ తర్వాత చెదలు పట్టి ఆర్గను మూగబోయింది. పదేళ్ళు అలాగే పడి ఉంది. ఊఁ కొట్టరా, నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి.

అప్పుడు కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు పనివాళ్ళను పిలిపించి దాన్ని బాగుచేయించారు. పాత తిత్తినీ, దాన్ని తొక్కే చెక్కనూ అలాగే ఉంచి, గాలికి కరెంటు మోటారు పెట్టించారు. ఆ ఆదివారం రాహేలమ్మ డెబ్భై ఏళ్ళ వయసులో మొదటి వరసలో కూర్చుంది.

పాట మొదలైంది. రెండో చరణంలో కరెంటు పోయింది! గొట్టాలు మూలిగి ఆగిపోయాయి. అందరి తలలూ అలవాటుగా రాహేలమ్మ వైపు తిరిగాయి. ఆమె ఉసూరుమంటూ బల్ల పట్టుకుని లేవబోయింది.

"కూర్చోమ్మా, ఇవాళ నేను తొక్కుతా," అని అయ్యగారు తెల్లంగీ పైకి దోపుకుని గోడ వెనక్కి వెళ్ళారు.

పాట కుంటుకుంటూ మళ్ళీ లేచింది. రాహేలమ్మ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

అయ్యగారు చెమటలు కక్కుతూ, రొప్పుతూ వచ్చారు. "ఇన్నేళ్ళూ ఎలా తొక్కావు తల్లీ?"

"ఏమో అయ్యగారూ," అంది రాహేలమ్మ, "అలిసిపోయావా అని ఎవరూ అడగలేదు. తొక్కుతూ పోయాను."

కథేమో కంచికి, నా కాళ్ళేమో మంచానికి, నువ్వేమో నిద్దరకి. పడుకో నాన్నా.